పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ: ఎన్‌వోసీలో ఉండాల్సిన మూడో వాక్యం

సంపాదకుల వారికి నమస్కారం.

పీహెచ్‌డీ ప్రవేశానికీ పనికొచ్చే జాతీయ అర్హత పరీక్ష ‘నెట్’ నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ హెడ్మాస్టర్లు, ఎంఈవోలు, స్కూల్ అసిస్టెంట్లు, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులు అడిగే ప్రశ్న ఒకటుంది. ఉద్యోగం చేసుకుంటూ విద్యాశాస్త్రంలో, అదీ పాఠశాల నాయకత్వం మీద, పీహెచ్‌డీ చేయొచ్చా అని. చేయొచ్చు, చేయాలి కూడా. బడి ఎక్కడ కుంటుతోందో రోజూ చూసేవాళ్లు చేస్తేనే ఆ పరిశోధనకు ప్రాణం ఉంటుంది. కానీ వీళ్లలో చాలామంది తెలివి తక్కువై ఆగిపోవడం లేదు, కాగితాల దగ్గరా క్యాలెండర్ దగ్గరా ఆగిపోతున్నారు.

2022 నవంబరు 7న యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నోటిఫై చేసిన నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని స్పష్టంగా ఒప్పుకున్నాయి. దానికి పనిచేసే చోటు నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తేవాలి. అందులో మూడు విషయాలు ఉండాలి. పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఇస్తున్నామని, పరిశోధనకు తగినంత సమయం ఇచ్చేందుకు ఉద్యోగ బాధ్యతలు అడ్డు కావని, అవసరమైతే కోర్స్ వర్క్ (పీహెచ్‌డీలో భాగంగా హాజరు కావాల్సిన తరగతులు) కోసం విధుల నుంచి రిలీవ్ చేస్తామని. చేతికొచ్చే ఎన్‌వోసీల్లో తరచూ మొదటి ముక్క ఒక్కటే ఉంటుంది. యూనివర్సిటీ దాన్ని తిప్పి పంపుతుంది, ఫైలు మళ్లీ మొదటి బల్ల మీదికి వెళ్తుంది, ఈలోగా అడ్మిషన్ గడువు దాటిపోతుంది. అందుకని అభ్యర్థులే ఆ మూడు వాక్యాలనూ టైపు చేసిన నమూనాను దరఖాస్తుకు జత చేసి ఇవ్వాలి. ఫలితాలు వచ్చాక కాదు, పరీక్ష రాసిన వారంలోనే.

మూడో వాక్యం ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూడండి. కోర్స్ వర్క్ కనీసం 12 క్రెడిట్లు. క్రెడిట్‌కు 15 గంటల తరగతి అనుకుంటే 12 క్రెడిట్లకు 180 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున 30 పనిదినాలు. ఆదివారాలతో సర్దుకుందామంటే ఏడు నెలలు, అదీ యూనివర్సిటీ ఆదివారం తరగతులు పెడితే. సీఎల్‌లతో తీరే పని కాదిది. పైగా కోర్స్ వర్క్‌లో 55 శాతం మార్కులు రావాలి.

ప్రవేశం గురించి క్లుప్తంగా చెబుతాం. పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతోనూ ప్రవేశం ఉంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) రాని వారికి స్కోరుకు 70, ఇంటర్వ్యూకు 30 వెయిటేజీ. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది కాబట్టి ఎన్‌వోసీ ఆలస్యమైతే పరీక్ష మళ్లీ రాయాల్సిందే.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పేరుప్రతిష్ఠల కంటే ముందు రెండు సంగతులు కనుక్కోండి: ఖాళీ ఉందా, రిటైర్మెంట్ ఎప్పుడు. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మందికి మించి స్కాలర్లు ఉండకూడదు. సర్వీసు మూడేళ్లలోపే మిగిలినవారు కొత్తవారిని తీసుకోకూడదు. మీ చదువుకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు పడుతుంది. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు దొరుకుతాయి, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్లు. మధ్యలో గైడ్ మారితే ఆర్నెల్లు పోయినట్టే.

ఇక అసలు పని. ఎక్కువమంది తీసుకునే అంశం ‘హెడ్మాస్టర్ల నాయకత్వం – ఉపాధ్యాయుల ఉద్యోగ సంతృప్తి’. 15 బడుల్లో బడికి 20 మంది చొప్పున 300 మందితో ఫారాలు నింపిస్తారు. ఫారాలు 300 ఉన్నా హెడ్మాస్టర్లు 15 మందే కదా! నాయకత్వం బడికి ఒక్కటి. ఒకే బడిలో టీచర్ల జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. వాటిని 300 వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కిస్తే లేని సంబంధం ఉన్నట్టు తేలుతుంది. అదే 300 మందిని 50 బడుల నుంచి ఆరుగురేసి తీసుకోండి. తిరుగుడు ఎక్కువే, కానీ ఫలితం నిలబడుతుంది.

రెండో తప్పు, సొంత బడిలో, సొంత మండలంలో సర్వే చేయడం. ఎంఈవో చేతుల మీదుగా ఫారం అందుకున్న టీచరు ప్రతి ప్రశ్నకూ ‘పూర్తిగా అంగీకరిస్తాను’ గడిలోనే టిక్కు పెడతారు. వాళ్ల తప్పేం లేదు, ఆ ఫారం ఎవరి బల్ల మీదికి చేరుతుందో వాళ్లకు తెలుసు. అందరి మార్కులూ ఒకటే అయినప్పుడు ఇక దేన్ని దేనితో పోలుస్తారు? వేరే మండలానికి వెళ్లాలి. కవరు అంటించి ఇవ్వమనాలి, సేకరించే మనిషి మీరు కాకూడదు. వయసు, సబ్జెక్టు, సర్వీసు మూడూ అడిగితే పేరు రాయకపోయినా చిన్న బడిలో ఆ టీచరెవరో ఇట్టే తెలిసిపోతుంది. వాటిలో అవసరమైనదొక్కటే ఉంచండి.

మూడోది, విదేశీ ప్రశ్నావళిని ఉన్నదున్నట్టు తెలుగు చేయడం. అమెరికాలో ప్రిన్సిపాల్‌కు టీచర్ల ఎంపికలో మాట చెల్లుతుంది. మన సర్కారు బడిలో నియామకం డీఎస్సీది, బదిలీ కౌన్సెలింగ్‌ది. ‘మా హెడ్మాస్టర్ సమర్థులైన ఉపాధ్యాయులను నియమిస్తారు’ అన్న వాక్యానికి మన టీచరు ఏమని టిక్కు పెట్టాలి? అలాంటివి తీసేసి, 30 మందితో పైలట్ (ముందస్తు ప్రయోగం) చేసి, ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చెప్పే విశ్వసనీయత కొలత 0.7 దాటాకే అసలు సర్వేకు దిగాలి.

సర్వే ఎప్పుడన్నదీ ముఖ్యమే. మార్చిలో పదో తరగతి పరీక్షలు, తర్వాత స్పాట్ వాల్యుయేషన్, జూన్‌లో అడ్మిషన్లు. జులై నడిమి నుంచి దసరా సెలవుల దాకానే బడిలో ఊపిరి సలుపుతుంది. ఆ గడువు తప్పితే సంవత్సరం జారిపోతుంది. అందుకే శాఖ అనుమతి కోసం ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెట్టాలి.

థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు. 10 దాటి 40 వరకు ఉంటే సవరించి తేవాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. చాలామందికి ఎసరు పెట్టేది పూర్వ పరిశోధనల అధ్యాయం. మన దేశపు థీసిస్‌లు దొరికే వెబ్‌సైట్ శోధ్‌గంగలో థీసిస్‌లు చదవండి, మూసేసి మీ మాటల్లో రాయండి.

‘ఇంట్లోంచే ఆన్‌లైన్ పీహెచ్‌డీ’ ప్రకటనల జోలికి మాత్రం పోకండి. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీకి గుర్తింపు లేదు. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చేవి చెల్లవని యూజీసీ, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) 2022 అక్టోబరులోనే హెచ్చరించాయి. పీహెచ్‌డీ ప్రమాణాలు పాటించనందుకు రాజస్థాన్‌లోని మూడు విశ్వవిద్యాలయాలను 2025 జనవరిలో యూజీసీ ఐదేళ్లపాటు ఆ ప్రవేశాల నుంచి నిలిపేసింది.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలనూ మేం కోరేది పెద్దదేం కాదు. మూడు వాక్యాలున్న ఎన్‌వోసీ నమూనా ఒకటి జారీ చేసి 30 రోజుల్లో ఇవ్వండి. కోర్స్ వర్క్‌కు 30 పనిదినాలు ఆన్ డ్యూటీగా చూపండి. బడుల్లో సర్వేకు అనుమతి జులైకి ముందే తేల్చండి. బదులుగా, డిగ్రీ అందుకున్న ప్రతి ఒక్కరూ తమ పరిశోధనను పది పేజీల తెలుగులో రాసి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో సర్వేకు జవాబులిచ్చిన టీచర్ల ముందే చదవాలని షరతు పెట్టండి.

– విద్యాశాస్త్ర అధ్యాపకులు, గుంటూరు