జూడో క్లాసు గురించి అమ్మానాన్నలకు

అమ్మానాన్నలందరికీ నమస్కారం.

పోయిన శుక్రవారం లాంగ్ బెల్ కొట్టాక ఎనిమిదో తరగతి వరండాలో ఒక పిల్లాడు ఇంకొకడిని నడుం పట్టి ఎత్తి పడేశాడు. కింద సిమెంటు గచ్చు. పడేటప్పుడు ఆ బిడ్డ చేయి ఆనించడంతో మణికట్టు ఎముక చిట్లింది. ఒంగోలు తీసుకెళ్లి కట్టు కట్టించాం, నిన్న ఇంటికెళ్లి చూసొచ్చాను, నొప్పి తగ్గింది. బడిలో జరిగింది కాబట్టి బాధ్యత నాదే, ఆ మాట వాళ్లమ్మ ఎదుటే చెప్పాను.

కానీ ఆ రాత్రి నుంచి వాట్సాప్ గ్రూపులో "ఈ జూడో వల్లే ఇదంతా, ఆపేయండి" అంటున్నారు. ఆ ఇద్దరిలో ఒక్కడూ జూడో క్లాసుకు రాడు. ఆ పట్టు ఫోన్‌లో వీడియో చూసి పట్టుకున్నది.

మన క్లాసులో మొదటి రెండు నెలలు ఎవరూ ఎవరినీ పడేయలేదు, పడటమే నేర్చుకున్నారు. దాన్ని జపాన్ వాళ్లు ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, వీపు గుండ్రంగా ఉంచాలి, చేయి చాచి అరచేయి, ముంజేయి మొత్తంతో చాపను కొట్టాలి, అప్పుడు దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. చేయి నిటారుగా ఆనిస్తే బరువంతా మణికట్టు మీదే పడుతుంది. శుక్రవారం జరిగింది అదే.

ఈ విద్యను పెట్టిన కానో జిగోరో కూడా ఒక హెడ్మాస్టరే, టోక్యోలో టీచర్లను తయారుచేసే పెద్ద విద్యాసంస్థకు చాలా ఏళ్లు అధిపతిగా ఉన్నాడు. చిన్నప్పుడు బక్కపలచగా ఉండేవాడు, తోటిపిల్లలు ఏడిపించేవాళ్లు. జుజుత్సు అనే జపాన్ పాత కుస్తీ విద్య నేర్చుకుంటానంటే వాళ్ల నాన్న మొదట ఒప్పుకోలేదు, మీలాగే. తర్వాత తాను నేర్చినదాంట్లో ప్రాణాపాయమైనవి సాధన పోటీల్లోంచి తీసేసి, 1882లో టోక్యోలో ఒక గుడిలో 12 చాపల గదిలో కోడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టాడు. జూడో అంటే మృదువైన మార్గం. ఎదుటివాడు తోస్తే ఎదురు తోయకుండా ఆ ఊపునే వాడుకోవడం అందులో కీలకం. పట్టు బిగిస్తే రెండుసార్లు తట్టాలి, తట్టగానే ఎదుటివాడు వదిలేయాలి, అందులో వాదనల్లేవు. ఆ వదిలేయడం కోసమే నాకు ఈ క్లాసు కావాలి! 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో జూడో మొదటిసారి పెడితే, బరువు పరిమితి లేని ఓపెన్ విభాగంలో జపాన్ వీరుణ్ణి ఓడించిన డచ్చివాడు గీసింక్, సంబరంతో చాప మీదికి దూసుకొస్తున్న తనవాళ్లను చేయెత్తి ఆపేశాడు. మన వరండాలో బిడ్డ పడి ఏడుస్తుంటే పదిమంది చుట్టూచేరి కేకలేశారు, ఒకడు వీడియో తీశాడు.

"ఆడపిల్లలకెందుకు" అన్నవారికి ఒక మాట. 1992 నుంచి ఒలింపిక్స్‌ జూడోలో ఆడవాళ్లకూ పతకాలున్నాయి, 2022 కామన్వెల్త్ క్రీడల్లో మన తులికా మాన్ రజతం తెచ్చింది. మన తొమ్మిదో తరగతి అమ్మాయి పోయిన నెల సింగరాయకొండ దగ్గర నాన్న బండి మీంచి జారి, క్లాసులో నేర్చినట్టే గడ్డం లోపలికి పెట్టి దొర్లి లేచింది, మోచేయి గీసుకుపోయిందంతే. వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి మాట్లాడలేకపోయాడు. చూపు సరిగా ఆనని మన ఏడో తరగతి పిల్లాడు కూడా క్లాసుకు వస్తున్నాడు. పొలంలో కరెంటు షాక్ తగిలి చూపు దెబ్బతిన్న కపిల్ పర్మార్ 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో జూడోలో కాంస్యం గెలిచాడని చెప్పినప్పటి నుంచి, వాడే అందరికంటే ముందొచ్చి చాపలు పరుస్తున్నాడు. వాణ్ణి చూస్తే నాకు ఎంత గర్వంగా ఉంటుందో చెప్పలేను.

ఇక బడిలో మిగతా విషయాలు: పరీక్షలు సోమవారం నుంచి, ఐరన్ మాత్రలు గురువారం, నీళ్ల ట్యాంకు కడిగించాం.

మీరంతా కష్టపడి బిడ్డల్ని చదివిస్తున్నారు, నాకు తెలుసు. కానీ రాత్రి పన్నెండు దాకా ఫోన్ వాళ్ల చేతిలో ఎందుకుంటోంది? శుక్రవారం వీడియో తీసిన ఫోన్ బడికి ఎలా వచ్చింది? క్లాసు రోజున గోళ్లు తీయించండి, చెవిదుద్దులు ఇంట్లోనే ఉంచండి, టిఫిన్ పెట్టి పంపండి అని మూడుసార్లు రాశాను, దయచేసి నాలుగోసారి రాయించకండి.

జూడో ఆగదు. శనివారం నాలుగున్నరకు క్లాసు ఉంది, గ్రూపులో రాసినవారందరూ తప్పకుండా రండి. పంపనంటే బలవంతం లేదు, పంపేవారు సంతకం చేసిన కాగితం సోమవారంలోగా క్లాస్ టీచర్‌కు ఇవ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయిని