ఆర్.ఓ. యంత్రం వద్దు, ఇసుక తొట్లు బాగుచేయించండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రివర్యులకు,

గుంటూరు ఛానల్ అనే కాలువ నీటి మీదే ఆధారపడిన ఒక గ్రామం నుంచి నమస్కరించి చేసుకుంటున్న విన్నపం. మా అర్జీ పరిష్కారమైనట్లు ఫోనుకు సందేశం వచ్చిన వారంలోనే కుళాయిలో మళ్లీ ఎర్రనీళ్లు వచ్చాయి కనుక ఇలా నలుగురిలో రాయవలసి వచ్చింది.

మా మంచినీళ్ల చెరువు పక్కనే ఇసుక వడపోత తొట్లు ఉన్నాయి. వాటిలో ఇప్పుడు తుంగ మొలిచింది. పైపొర గీకేవారు లేక, నీరు ఇసుకలోకి దిగడం మానేయడంతో, చెరువు నీటినే నేరుగా ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తున్నారు. బ్లీచింగ్ ఒకరోజు కలిపితే పదిరోజులు కలపరు. ఆడవాళ్లు రాత్రిపూట బిందెలో పటిక ముక్క తిప్పి ఉంచి, తెల్లవారాక అడుగున పేరుకున్న ఒండ్రు కదలకుండా పైనీళ్లు వంచుకుంటున్నారు. స్తోమత ఉన్నవారు టిన్ను కొనుక్కుంటారు. కూలికి వెళితే తప్ప పొయ్యి వెలగని ఇళ్లలో పసిపిల్లలు కూడా తాగేది ఆ నీళ్లే. 2018లో గుంటూరు నగరంలోనే కలుషిత నీటి వల్ల అతిసారం ప్రాణాలు తీసిన సంగతి తమకు తెలియనిది కాదు.

ఇందుకు విరుగుడుగా ఆర్.ఓ. ప్లాంటు పెడతామంటున్నారు. అయ్యా, ఉప్పు, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటికి ఆర్.ఓ. అవసరమే. మా కాలువ నీటికి పట్టిన జబ్బు బురద, సూక్ష్మజీవులు. ఆ బురదకు యంత్రంలోని పొరలు త్వరగా పూడుకుపోతాయి, వాటి మార్పిడికీ కరెంటుకూ పంచాయతీ దగ్గర డబ్బు ఉండదు, శుద్ధి పేరుతో పారబోసే నీరూ తక్కువేమీ కాదు. పైగా శుద్ధి అయిన నీరు టిన్నుల్లోకే గాని కుళాయిల్లోకి రాదు.

లెక్క తమరే చూడండి. మూడు వేల మందికి తలకు 55 లీటర్ల చొప్పున రోజుకు 1,65,000 లీటర్లు కావాలి. ఇసుక గుండా గంటకు 10 సెంటీమీటర్ల చొప్పున నిదానంగా రాత్రింబవళ్లు నీరు దిగినా 70 చదరపు మీటర్ల తొట్టి సరిపోతుంది, అంటే రెండు సెంట్లు కూడా పట్టదు. ఒకటి శుభ్రం చేస్తుండగా నడిపేందుకు ఇంకొకటి కట్టినా నాలుగు సెంట్లు దాటదు. చెరువులో బురద తేరుకున్న నీటిని ఇసుక మీద పెరిగే సన్నని జీవపొరే చాలావరకు శుభ్రం చేస్తుంది, ఆపైన క్లోరిన్ చాలు. నీరు దిగడం తగ్గినప్పుడల్లా పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి కడగడమే ప్రధానమైన పని. మా ఊరి యువకులకే ఆ పని నేర్పవచ్చు.

కాబట్టి ప్రతిపాదించిన యంత్రాన్ని నిలిపివేసి, తొట్లలో ఇసుక మార్పించి, చివరి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేలా చూడండి. కట్టడానికే కాక నడపడానికీ, ఆ పని చేసే మనిషి జీతానికీ అంచనాలోనే డబ్బు కేటాయించి, వచ్చే కాలువ మూసివేతలోపు పని మొదలుపెట్టించమని చేతులెత్తి వేడుకుంటున్నాము.

ఇట్లు,
ఆ ఊరి కుళాయి నీళ్లు తాగే ఒక పౌరుడు