గజపతుల ఏనుగులు, రాయల గుర్రాలు మన పిల్లల బల్ల మీదకి రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఉండేది ఒడిశాలోనైనా ఇంట్లో మాట్లాడేది తెలుగే, పొద్దున్నే చదివేది మీ పేపరే. పిల్లలు ఫోన్లు వదలడం లేదు, వాళ్ళ చేతులకి ఏదో ఒక పని పెట్టాలి అని మీ ఆదివారం పేజీల్లో తరచూ రాస్తుంటారు. నాకు బాగా తెలిసిన పని ఒకటుంది, దాని గురించి చెప్పాలనే ఈ ఉత్తరం. మూడు సెంటీమీటర్ల ఎత్తుండే సైనికుల బొమ్మల్ని అతికించి, రంగులు వేసి, దళాలుగా పేర్చి, పాచికలు వేస్తూ, స్కేలుతో దూరం కొలుస్తూ పాతకాలపు యుద్ధాల్ని బల్ల మీద ఆడతారు. వార్‌గేమింగ్ అంటారు. ఇది చిన్నపిల్లల ఆట అని తేల్చేసేవాళ్ళు ఒక్క బొమ్మకి సరిగ్గా రంగు వేసి చూడాలి, అందులో ఎంత చరిత్ర చదవాల్సి వస్తుందో అప్పుడు తెలుస్తుంది.

మా వైపు ఈ సరదా ఉన్న నలుగురైదుగురం మొదట కట్టింది ఇంగ్లండు సైన్యాలే, ఎందుకంటే డబ్బాల్లో దొరికేవి అవే. 1455 నుంచి 1487 దాకా లాంకస్టర్, యార్క్ వంశాలు సింహాసనం కోసం కొట్టుకున్న గులాబీల యుద్ధాలకి పెర్రీ అనే బొమ్మల కంపెనీ వాళ్ళ 28 ఎంఎం ప్లాస్టిక్ బొమ్మలున్నాయి, తలలు, చేతులు, ఆయుధాలు వేరువేరుగా వస్తాయి కాబట్టి ఏ ఇద్దరు సైనికులూ ఒకేలా లేకుండా కట్టుకోవచ్చు. ఆ కాలంలో ఒక్కో ప్రభువు మనుషులకి ఒక్కో రంగు అంగీ, ఒక్కో గుర్తు. 1471లో బార్నెట్ దగ్గర పొగమంచులో ఆక్స్‌ఫర్డ్ ప్రభువు దళం వేసుకున్న నక్షత్రం గుర్తుని చూసి అది ఎడ్వర్డ్ రాజు సూర్యుడి గుర్తు అనుకుని సొంత పక్షం వాళ్ళే బాణాలు వేశారట, ద్రోహం అని అరుస్తూ ఆ దళం చెదిరిపోయింది, వాళ్ళ పక్షాన్ని నడిపిస్తున్న వారిక్ ప్రభువు ఆ రోజే హతమయ్యాడు. ఇది చదివాక బొమ్మ ఛాతీ మీద చుక్కంత గుర్తునైనా ఎవరూ అశ్రద్ధగా గీయరు. ఈ పనిలో నాకు నచ్చేది ఇదే, తెలుసుకోకుండా రంగు వేయలేం.

మరి దాదాపు అదే కాలంలో, ఆ వెంటనే మన నేల మీద ఏం జరిగింది? గజపతి రాజు కపిలేంద్రదేవుడు కటకంలో గద్దె ఎక్కింది 1430ల్లో. 1454 నాటికి కొండవీడు గజపతుల చేతికొచ్చింది. ఆయన మనవడు ప్రతాపరుద్రుడి మీదకి కృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరితో యుద్ధం మొదలుపెట్టాడు, ఆ కోట 1514లో గానీ లొంగలేదు. 1515లో కొండవీడు పడింది, ప్రతాపరుద్రుడి కొడుకు వీరభద్రుడు అక్కడే పట్టుబడ్డాడు, ఆ తర్వాత కొండపల్లి, అక్కణ్ణుంచి ఉత్తరానికి. 1516లో రాయలు సింహాచలంలో వేయించిన శాసనం ఇప్పటికీ ఉంది, పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఇవన్నీ మాకు పొద్దున్న బయల్దేరితే రాత్రికి తిరిగొచ్చే దూరంలో ఉన్న ఊళ్ళు కావచ్చు, రైల్లో ఒక రాత్రి దూరం కావచ్చు, అంతే. బార్నెట్ యుద్ధంలో ఎవరు ఏ పక్క నిలబడ్డారో చెప్పగలిగే పిల్లవాడికి కొండవీడు కోటలో ఎవరున్నారో తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. దీనికి పిల్లవాణ్ణి అనడానికి లేదు, వాడి చేతికి ఆ బొమ్మ ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సరిహద్దు ఊళ్ళలో ఈ చరిత్ర ఎత్తగానే రాయలు మనవాడు, గజపతి వాళ్ళవాడు అని పంచేసుకుంటారు. ఒడియా మిత్రులు అటు నుంచి అదే చేస్తారు. నేను దీనికి ఒప్పుకోను. గజపతుల కాలంలో వేయించిన తెలుగు శాసనాలు సింహాచలంలో, శ్రీకూర్మంలో చదువుకోవచ్చు. వాళ్ళ కోటలు కృష్ణ దాటి ఉదయగిరి దాకా తెలుగు నేల మీదే ఉన్నాయి, ఆ కోటల్లో కాపలా కాసినవాళ్ళు, వాటికి బియ్యం మోసినవాళ్ళు ఎవరు మరి? యుద్ధం ముగిసింది కూడా పెళ్ళితోనే, ప్రతాపరుద్రుడి కూతుర్ని రాయలు చేసుకున్నాడు, కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూమి తిరిగి ఇచ్చేశాడు. అందుకే ఎవరైనా ఈ సైన్యాలు కట్టాలనుకుంటే రెండూ కట్టాలి, రెండింటికీ ఒకే శ్రద్ధతో రంగు వేయాలి. ఒకరిని వీరులుగా, ఇంకొకరిని విలన్లుగా చేసి పిల్లల చేతికిస్తే ఇవ్వకపోవడమే మేలు.

ఏనుగుతో మొదలుపెట్టండి. గజపతుల బలం అదే. అక్బరు కాలపు గంజీఫా పేకముక్కల్లో కూడా ఒడిశా రాజుకి ఏనుగులే గుర్తు, గుర్రాలు ఢిల్లీ రాజువి. మా పర్లాకిమిడిలో ఆ గంజీఫానే గంజపా అంటాం, ఆ ముక్కలు గీసే చేతులున్నాయి కాబట్టి ఇది మాకు దగ్గరి విషయం. 28 ఎంఎం బొమ్మల పక్కన ఏనుగు దాదాపు 5 సెంటీమీటర్లు ఉండాలి. బజారులో అడవి జంతువుల ప్యాకెట్లో వచ్చే ప్లాస్టిక్ ఏనుగు సరిపోతుంది గానీ అది చాలాసార్లు ఆఫ్రికా ఏనుగు, చెవులు మరీ పెద్దవి, వీపు మధ్యలో పల్లంగా ఉంటుంది. మన ఏనుగుకి చెవులు చిన్నవి, తల మీద రెండు బుడిపెలు, వీపు పైకి వంగి ఉంటుంది. చెవులు కత్తిరించి, వీపు మీద ఎం-సీల్‌తో కాస్త ఎత్తు పెంచి, ఆ పైన అలంకారపు గుడ్డ కప్పినట్టు చేస్తే తేడా కనిపించదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి ఏనుగుల మీద మఖమలు, జరీ గుడ్డలు, గంటలు ఉన్నాయని, వాటి తలల మీద రాక్షసుల, పెద్ద మృగాల ముఖాలు గీశారని, ఒక్కోదాని మీద ముగ్గురో నలుగురో డాళ్ళు, ఈటెలు పట్టుకుని కూర్చున్నారని రాశాడు. ఏనుగు నుదుటి మీద రాక్షసుడి ముఖం గీయమంటే ఏ పిల్లవాడు ఫోను పక్కన పెట్టడు చెప్పండి!

గుర్రాలు రాయల పక్షాన ఎక్కువ కావాలి. అరబ్బు, పారశీక గుర్రాలు సముద్రం మీద పడమటి రేవులకి వచ్చేవి, వాటి కోసమే పోర్చుగీసు వాళ్ళతో అంత స్నేహం. రౌతులకి దూది కూరి కుట్టిన మందపాటి అంగీలు వేయాలి, ఐరోపా డబ్బాలోని ఇనుప కవచాన్ని తెచ్చి వీళ్ళకి తొడిగితే కుదరదు. కాల్బలానికి నేను హంపి హజారరామ గుడి ప్రహరీ గోడ మీది వరసల్ని చూసి వేస్తాను, ఏనుగులు, గుర్రాలు, కత్తీ డాలూ పట్టిన మనుషులు వరుసగా నడుస్తుంటారు, అంతకన్నా మంచి నమూనా లేదు. గజపతుల కాల్బలం దగ్గర మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండాలి. పాయికుల్లో, అంటే ఒడిశా కాల్బలపు సైనికుల్లో, ప్రహరీలు, బాణువాలు, ఢెంకియాలు అని మూడు రకాలుగా చెప్పే వివరణ 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు రాసింది, అందులో తుపాకులు కూడా ఉన్నాయి, అది యథాతథంగా 1515 కొండవీడు కోట మీద నిలబెట్టకూడదు. పెద్ద డాలు, పొడవాటి ఖండా కత్తి, విల్లు అంటారా, ఇవి ఉంచుకోవచ్చు. జెండాల మీద రాయల పక్షానికి వరాహం, కత్తి, సూర్యచంద్రులు, ఇవి రాళ్ళ మీద చెక్కి ఉన్నవే కాబట్టి సందేహం లేదు.

రంగుల విషయం. పోస్టర్ కలర్లు వద్దు, చేయి తగిలితే పోతాయి, అక్రిలిక్ వాడండి. ముందు బొమ్మని సబ్బునీళ్ళతో కడిగి, అచ్చు అతుకుల గీతల్ని బ్లేడుతో గీకి, రంగు పట్టుకోవడానికి ముందు పూత, అంటే ప్రైమర్ వేయాలి. మా దగ్గర వర్షాకాలంలో స్ప్రే డబ్బా ముట్టుకోకూడదు, గాల్లో తేమకి ప్రైమర్ పొడిపొడిగా రాలుతుంది, వార్నిష్ తెల్లగా పొగబారుతుంది, ఆ నెలల్లో బ్రష్‌తో వేసేదే మేలు. ఎండాకాలంలో ఇంకో టెన్షన్, రంగు ప్లేటులోనే గట్టిపడిపోతుంది, తడి స్పాంజి మీద బటర్ పేపర్ పరిచి దాని మీద కలుపుకుంటే చాలాసేపు ఉంటుంది. లోపలి నుంచి బయటికి వేయాలి, ముందు ఒళ్ళు, తర్వాత బట్ట, తర్వాత పట్టీలు, ఆఖరికి ఆయుధం. ఒంటిరంగు అని సీసా మీద రాసి ఉన్నది గులాబీ రంగు, అది మనకి పనికిరాదు, గోధుమ రంగులో కొద్దిగా ఎరుపు, వెలుగు పడే చోట పసుపు మట్టి రంగు కలిపి, ఒక్కో మనిషికి కాస్త తేడాగా వేయండి, మన ఊళ్ళో పదిమంది ఒకే రంగులో ఉండరు కదా. బట్టలకి నీలిమందు నీలం, చిరివేరు ఎరుపు, పసుపు, ఉతికి వాడిన తెలుపు చాలు. కాల్బలం మొత్తానికీ ఒకే రంగు యూనిఫాం వేయడం నాకు అస్సలు నచ్చదు, చూడ్డానికి బ్యాండు మేళం లాగా ఉంటుంది. చివర్లో పల్చటి ముదురు గోధుమ రంగు నీళ్ళు పోసినట్టు పూస్తే మడతల్లో దిగి నీడలు అవే వస్తాయి, ఆరాక దాదాపు పొడి బ్రష్‌తో అంచుల మీద లేత రంగు తాకించండి. కింద అట్టకి ఫెవికాల్ రాసి, మన ఎర్రమట్టి జల్లెడ పట్టి చల్లి, కొబ్బరిపీచు చిన్నచిన్న ముక్కలు గుచ్చితే వంశధార ఒడ్డు అచ్చంగా కనిపిస్తుంది.

ఆడటానికి పెద్ద సైన్యం అక్కర్లేదు. 1990లో వచ్చిన డీబీఏ అనే వార్‌గేమ్ నియమాల ప్రకారం ఒక్కో పక్షానికి పన్నెండు దళాలు చాలు, దళానికి ఒక అట్టముక్క, దాని మీద ఏనుగు అయితే ఒకటి, రౌతులు రెండో మూడో, కాల్బలం అయితే రకాన్ని బట్టి సాధారణంగా ఇద్దరి నుంచి నలుగురి దాకా. సెలవురోజు మధ్యాహ్నం ఒక ఆట పూర్తవుతుంది.

ఇప్పుడు అసలు అడగాల్సింది. విదేశాల నుంచి డబ్బాలు తెప్పిస్తే పోస్టు ఖర్చు, కస్టమ్స్ కలిపి మధ్యతరగతి ఇంట్లో పిల్లవాడికి కొనిపెట్టగలిగే ధర కాదు. తెల్లపొణికి కర్రతో అంబారీ ఏనుగు చేసే కొండపల్లి మనకుంది, ఆ ఊరి కోటే ఈ యుద్ధంలో చేతులు మారింది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిప్పే పనివాళ్ళున్నారు, గంజాం జిల్లా బెల్లగుంఠలో ఇత్తడి చేపల్ని అతుకులతో కదిలేలా చేసేవాళ్ళున్నారు, మా ఊళ్ళో కొమ్ముని చెక్కేవాళ్ళున్నారు. వీళ్ళలో ఎవరైనా ఐదు సెంటీమీటర్ల అంబారీ ఏనుగు, మూడు సెంటీమీటర్ల రౌతు రంగు వేయకుండా వట్టి చెక్కడంగా అమ్మితే కొనడానికి నాలాంటి వాళ్ళు సిద్ధంగా ఉన్నారు, రంగు మేం వేసుకుంటాం. హస్తకళల సంస్థలు ప్రతి సంవత్సరం అవే కొలతల బొమ్మలే అడగకుండా ఈ కొలత కూడా ఒకటి అడిగి చూడాలి. పాత సీసపు బొమ్మలు ఇంటర్నెట్‌లో చవగ్గా దొరుకుతున్నాయని పిల్లలకి కొనిపెట్టవద్దని తల్లిదండ్రులకి నా మనవి, ఆకురాయితో రుద్దితే ఆ పొడి ఊపిరిలోకి పోతుంది. త్రీడీ ప్రింటర్ రెజిన్ కూడా గట్టిపడేదాకా ఉత్త చేతులతో ముట్టుకోకూడదు.

మిమ్మల్ని నేను అడిగేది చిన్నది. సంక్రాంతికి మన ఇళ్ళలో బొమ్మల కొలువు పెడతారు, పర్లాకిమిడి, బరంపురం, రాయగడ తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ పెడుతున్నారు. దానికి ముందు వచ్చే ఒక ఆదివారం మీ అనుబంధంలో ఒక పేజీ ఈ సైన్యాలకి ఇవ్వండి. పై సగంలో గజపతి దళాలు, కింది సగంలో రాయల దళాలు, రంగు లేకుండా గీతలతో, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి పక్కపక్కన వేసి, మడిచి అట్టకి అతికించడానికి కింద ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి. ఏ దళానికి ఏ రంగులో పక్కన రెండు లైన్లు రాస్తే చాలు, మిగతాది పిల్లలే చూసుకుంటారు. హంపి గోడల బొమ్మలు చూసి గీసిన నమూనాలు నా దగ్గర ఉన్నాయి, మీ చిత్రకారుడికి పనికొస్తాయంటే డబ్బులేమీ తీసుకోకుండా పంపిస్తాను. మనిషి ఎత్తు మూడు సెంటీమీటర్లకి తగ్గకుండా చూడండి, న్యూస్‌ప్రింట్ మీద అంతకన్నా చిన్నదానికి రంగు వేస్తే పాకిపోతుంది. ఏనుగులు మాత్రం పేజీ మడతలో పడకూడదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.