రాజాజీ సాలై బ్యాంకు భవనం లోపలి సంగతీ పట్టించుకోండి

సంపాదకులకు,

ఆగస్టులో మద్రాసు డే వస్తుందంటే చాలు, చెన్నై పాత భవనాల ఫొటోలు పత్రికల నిండా వస్తాయి. వాటిలో రాజాజీ సాలై స్టేట్ బ్యాంకు భవనం తప్పకుండా ఉంటుంది. ఆ ఫొటో దాదాపు ఎప్పుడూ రోడ్డు మీద నిలబడి తీసిందే. కమానులు, గోపురాలు బాగానే ఉన్నాయి కదా, ఇక బెంగేముంది అనుకుంటాం. నా బెంగంతా లోపలి భాగం గురించే.

1897లో బ్యాంక్ ఆఫ్ మద్రాస్ (తర్వాత స్టేట్ బ్యాంకులో కలిసిపోయిన పాత బ్యాంకు) కోసం కట్టిన భవనమిది. డిజైన్ కర్నల్ శామ్యూల్ జాకబ్, హెన్రీ ఇర్విన్‌లది. ఆ కాలంలో లండన్ బ్యాంకులు చాలావరకు గ్రీకు, రోమన్ స్తంభాలతో హుందాగా కనిపించాలని చూస్తే, ఇక్కడ ఇండో-సారసెనిక్ పద్ధతిని, అంటే మన దేశపు, ఇస్లామిక్ కట్టడాల తీరును యూరప్ తీరుతో కలిపిన పద్ధతిని ఎంచుకున్నారు. కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. మద్రాసు హైకోర్టునూ కట్టింది ఆయనే. ఇంటిపేరు చూస్తేనే మనవాడని తెలుస్తుంది. ఇర్విన్ పేరు రాసిన ప్రతిచోటా ఈయన పేరూ రాయాలి. ఆ బ్యాంకుకు మన కాకినాడలోనూ బ్రాంచి ఉండేది.

ఆ కాలపు మద్రాసు కట్టడాల్లో ఎత్తయిన హాళ్లు, లోతైన వరండాలు ఉక్కను తట్టుకోవడానికి పెట్టినవి. టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుక జల్లి కలిపిన సున్నం దిమ్మిస చేసేవారు. దీన్నే మద్రాసు టెర్రస్ అంటారు. ఇలాంటి భవనాల్లో ఏసీ కోసం ఫాల్స్ సీలింగ్ వేస్తే పైకప్పు కంటికి కనపడదు. ఎక్కడ కారుతోందో, ఏ వైరు పాడయిందో ఎవరికీ తెలియదు. సున్నపు గార ఊడిన చోట సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, ఉప్పు పొంగి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. హార్బరు గాలి తగిలే చోట ఇది మరీ ఎక్కువ.

2014 జూలై 12న ఈ భవనంలోనే మంటలు లేచి ఎంత నష్టం చేశాయో చెన్నైవాసులు మరిచిపోలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2012 జనవరిలో, చేపాక్‌లోని కలస్ మహల్ (ఆర్కాట్ నవాబుల పాత ప్యాలెస్) కూడా అలాగే కాలింది. 1768 నాటి ఆ మహల్‌ను ప్రజాపనుల శాఖ మళ్లీ సున్నంతోనే, మద్రాసు టెర్రస్‌తోనే నిలబెట్టింది. పాత పని చేతకాదు, తెలిసిన మేస్త్రీలు లేరు అనే మాట ఇక చెల్లదు.

అందుకే పాత భవనాల్లో నడుస్తున్న బ్యాంకులన్నిటికీ నా విన్నపం ఇది. బ్రాంచిలను అక్కడి నుంచి తరలించకండి. మనుషులు తిరుగుతూ ఉంటేనే కట్టడం బతుకుతుంది. వైరింగును ఏటా తనిఖీ చేయించి, ఆ రిపోర్టును ఖాతాదారులకు కనపడేలా పెట్టండి. రిపేరు టెండరులో సున్నం పని తెలిసినవారే ఉండాలని షరతు పెట్టండి. తమిళనాడు ప్రభుత్వం కూడా పాత కట్టడాల రక్షణ కోసం 2012లో చేసిన హెరిటేజ్ కమిషన్ చట్టాన్ని లోపలి హాళ్లకూ, పైకప్పులకూ వర్తింపజేయాలి. రాజాజీ సాలైలో ఈ పని మొదలుపెడితే మిగతా బ్యాంకులకు సాకు దొరకదు.

— ఒక పాఠకుడు, జార్జ్ టౌన్, చెన్నై