మా ఊరి వనంలో తంగేడు లేదు: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

ఊరూరా ప్రభుత్వం వేయించిన చిన్న పార్కు, అదే పల్లె ప్రకృతి వనం, దాని మార్గదర్శకాలేమిటో తమకు నేను చెప్పవలసిన పని లేదు. మా ఊరి వనం గురించి మూడు సోమవారాలు, అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ పెట్టుకున్నాను. మూడు రసీదులు చేతికి వచ్చాయి. చివరికి ఒక జవాబు కూడా వచ్చింది: పనులన్నీ నమూనా ప్రకారమే జరిగాయట. నా ఫిర్యాదు ఆ నమూనా మీదే కనుక ఈ లేఖ రాయక తప్పలేదు.

వనం వేసిన ఆ ముప్పై గుంటలు కాగితాల్లో బీడు. ఆ బీడులో చెరువు కట్ట దాకా తంగేడు పొదలు, వాటి నడుమ గునుగు, నాలుగు ఈత చెట్లు, ఒక ముసలి కానుగ ఉండేవి. తంగేడును మేకలు ముట్టవు, దానికి ఎవరూ నీళ్లు పోయనక్కరలేదు, అయినా పెత్రమాస నాటికి పొదలన్నీ పసుపు ఆరబోసినట్టు పూసేవి. జేసీబీ ఒక్క పూటలో అంతా ఊడ్చేసింది. గుండ్రటి నడక బాటకు అడ్డం వచ్చిందని కానుగను కొట్టేశారు. దాని మొద్దు నేటికీ గేటు పక్కనే పడి ఉంది. ఆ గుండ్రం గీసినవారు మా నేల మీద ఒక్కసారి నడిచి ఉంటే, బర్రెలు చెరువుకు పోయే డొంక దాని మధ్యలోంచే పోతుందని తెలిసేది. ఇప్పుడు బర్రెలు తారు రోడ్డెక్కి, లారీలను తప్పించుకుంటూ నీళ్లకు పోతున్నాయి.

ఆ పొదలు, చెట్ల స్థానంలో ఇనుప కమాను, సిమెంటు బెంచీలు, రంగులేసిన టైర్లు, వరుసగా కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు, పట్నం చౌరస్తాల్లో పరిచే గడ్డి వచ్చాయి. ఆ గడ్డికి రోజు విడిచి రోజు పంచాయతీ ట్యాంకర్ రావాలి. మొన్న ఏప్రిల్‌లో మా పడమటి వాడకు తాగునీళ్లు రాని రోజున కూడా గడ్డికి వచ్చాయి.

పోయిన బతుకమ్మకు మా ఇంటి ఆడవాళ్లు తంగేడు పూల కోసం రెండు ఊళ్లు దాటి గుట్ట దాకా వెళ్లారు. తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం, జమ్మి మన రాష్ట్ర వృక్షం. ప్రకృతి పేరు పెట్టుకున్న ఈ వనంలో రెండింటిలో ఒక్కటీ లేదు. దసరా నాడు జమ్మికి బదులు కోనోకార్పస్ ఆకు పంచుకోవాలని తమరు ఉత్తర్వు ఇప్పిస్తే, అది కూడా పాటించడానికి సిద్ధంగా ఉన్నాము.

ఈ మొక్కనే ఎందుకు నాటుతున్నారో మాకు తెలియక కాదు. నాటినవాటిలో 85 శాతం బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. లెక్క తగ్గితే మాట పడేది కార్యదర్శి. చింత మొక్కను నాలుగు ఎండాకాలాలు పసిబిడ్డలా సాకాలి, కోనోకార్పస్ అయితే దానంతట అదే పెరుగుతుంది, లెక్కలో రెండూ ఒక్కటే. ఆయన స్థానంలో నేనున్నా అదే నాటేవాడినేమో. కానీ గుజరాత్ ప్రభుత్వం 2023లోనే ఆ మొక్క నాటడాన్ని నిషేధించింది. మనం ఎందుకు ఆగలేకపోతున్నామో దయచేసి తెలియజేయండి.

కొత్త నిధులు అడగడం లేదు. డొంకను తెరిపించండి. ఇనుప కంచె తుప్పుపట్టిన చోట మళ్లీ ఇనుము కొనకుండా వావిలి కంచె పెట్టనివ్వండి. నమూనా గీసే ముందు ఊళ్లో పశువులు కాసేవారినీ, పూలు కోసేవారినీ ఒక్క మాట అడగమని మీ అధికారులకు చెప్పండి. డొంక సంగతి మళ్లీ విన్నవిస్తున్నాను, ఎందుకంటే మూడు అర్జీల్లోనూ రాసినా జవాబులో దాని ఊసే లేదు.

వనం గేటుకు ఏడాదిగా తాళం వేసి ఉంది. గుట్ట మీద నుంచి మావాళ్లు తెచ్చిన తంగేడు గింజలు మా ఇంట్లో ఒక డబ్బా నిండా ఉన్నాయి. మృగశిర కార్తె లోపల ఆ తాళంచెవి ఇప్పించగలరని ప్రార్థన.

ఇట్లు,
మూడు రసీదుల అర్జీదారు