చెరువు అడుగున ఊటల సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి,

పది రోజుల క్రితం చెరువులో పచ్చనాచు గురించి మీ పత్రికలో వార్త వచ్చింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు. కాలువలన్నీ మూసేశామని, మురుగు చుక్క కూడా లోపలికి రావడం లేదని, అయినా నాచు ఎందుకు పెరుగుతోందో అంతుపట్టడం లేదని అధికారులు చెప్పినట్టు రాశారు. అంతుపట్టకపోవడానికి ఏముంది? పైనుంచి వచ్చే నీటినే చూశారు, అడుగు నుంచి ఊరే నీటి జోలికే పోలేదు.

చెరువులోకి నేలలోంచి కూడా నీరు వస్తుంది. ఆ ఊట సాధారణంగా ఒడ్డు దగ్గరే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్లలో ఒడ్డు వెంట నడిచి చూడండి. ఒకచోట ఉన్నట్టుండి పాదానికి చల్లగా తగులుతుంది, రెండడుగులు వేస్తే మళ్లీ గోరువెచ్చగా ఉంటుంది. భూగర్భ జలం వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, అందుకే ఆ తేడా. సెప్టిక్ ట్యాంకుల నుంచి, ఎరువులు చల్లిన పొలాల నుంచి నేలలోకి దిగిన నైట్రేటు, అంటే నాచుకు మేతయ్యే నత్రజని లవణం, ఈ దారినే చెరువులో చేరుతుంది. కాలువకు తలుపు వేశారు సరే, దీనికి ఎక్కడ వేస్తారు?

ఊట దారులు వెతికే పద్ధతులు కొత్తవేమీ కావు. రెండు కడ్డీలు నేలలో దిగేసి కరెంటు పంపి, ఇంకో రెండు కడ్డీల మధ్య వోల్టేజీ కొలిచి, నేల కరెంటును ఎంత అడ్డుకుంటోందో చూసే రెసిస్టివిటీ సర్వేకు వందేళ్లు దాటాయి. కడ్డీల మధ్య దూరం పెంచేకొద్దీ ఇంకా లోతు పొరల సంగతి తెలుస్తుంది. చెరువులో అయితే ఆ కడ్డీల పనే చేసే ఎలక్ట్రోడ్లున్న కేబుల్‌ను పడవ వెనక కట్టి లాక్కుంటూ పోతారు. మట్టి సందుల్లోంచి నీరు కదిలినప్పుడు పుట్టే కొద్దిపాటి మిల్లీవోల్టులను కొలిచే పద్ధతి కూడా ఉంది.

మేం గట్టిగా అడిగితే ఒకసారి సర్వే చేయించామన్నారు. అది చూస్తే ఇంకా బాధ కలిగింది. వానాకాలంలో ఒక్క రోజు, ఒక్క గీత వెంబడి కొలిచారు. రిపోర్టులో రంగుల బొమ్మ వేసి, రెసిస్టివిటీ తక్కువని చూపే నీలం ఉన్న చోటల్లా ఊట అని రాసేశారు. రెసిస్టివిటీ తక్కువ ఉంటే అది ఊటే కానక్కర్లేదు. బంకమట్టి ఉన్నా అలాగే కనిపిస్తుంది, ఉప్పు కలిసిన నీరున్నా అలాగే కనిపిస్తుంది. ఏదో తేల్చాలంటే అక్కడ బోరు వేసి మట్టి తీసి చూడాలి, నీరు పట్టి పరీక్షించాలి. అవేవీ చేయకుండా బొమ్మ అచ్చేసి బీరువాలో పెట్టేస్తే తూతూమంత్రమే కదా!

ఊటను నేరుగా కొలవడం అంత కష్టమేమీ కాదు. ఇనుప డ్రమ్మును అడ్డంగా కోసి, మూత ఉన్న ముక్కను బోర్లించి చెరువు అడుగు మట్టిలోకి నొక్కుతారు. మూతకున్న రంధ్రానికి ఒక ప్లాస్టిక్ సంచి తగిలిస్తారు. కొన్ని గంటల తర్వాత సంచి ఉబ్బితే నేలలోంచి నీరు వస్తున్నట్టు, అందులో ముందే పోసిన నీరు తగ్గితే చెరువే నేలలోకి ఇంకుతున్నట్టు. సర్వేలో అనుమానం వచ్చిన చోటల్లా ఇలా చూస్తే సగం చర్చ అక్కడే తెగిపోతుంది.

కానీ ఈ పనికి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు. నడక దారికి డబ్బులుంటాయి, ఫౌంటెన్‌కు ఉంటాయి, రంగు లైట్లకూ ఉంటాయి. నీటి అడుగున కొలిచేదాన్ని ఫొటో తీసుకోవడానికి వీలుండదు కాబట్టే కాబోలు, ఏళ్ల తరబడి అడుగుతున్నా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటున్నారు. ఇప్పుడు ఒడ్డు చుట్టూ కాంక్రీటు వేస్తారట. ఊట దానికి ఆగదు, ఇంకో దారి చూసుకుంటుంది. మనకు మాత్రం ఇక కొలిచే చోటు మిగలదు.

ఎండాకాలంలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి సర్వే చేయించండి. రీడింగులు అందరికీ తెలిసేలా బయటపెట్టండి. అప్పటిదాకా కాంక్రీటు పని ఆపండి.

– ఒక పాఠకురాలు