ఫెర్రీఫీల్డ్ లోడర్ల మాట ఎవరు రాసుకుంటారు? బ్రిటన్ సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను కెంట్‌లోని యాష్‌ఫర్డ్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్న వరంగల్ వాణ్ణి. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతిని మీ ఆఫీసుకు విడిగా పంపాను. తెలుగులో కూడా ఎందుకంటే, ఇందులో మావాళ్లు వినాల్సిన సంగతి ఒకటుంది. అదీగాక, మనసులో మాట ఇంగ్లీషులో రాయబోతే నాకు సెలవు చీటీలా తయారవుతుంది.

పోయినేడు చలికాలంలో ఒక సాయంత్రం మా వీధిలో ఇరుకు సందులో కారు పెట్టలేక అవస్థ పడుతున్నాను. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి. ఎదురింటి పెద్దాయన కాసేపు చూసి, ఇక ఉండబట్టలేక వచ్చి, తాళాలు ఇమ్మని చెయ్యి చాచారు. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఒక్క దెబ్బలో, అటు జానెడు ఇటు జానెడు వదిలి, కారు పెట్టేశారు. నేను నోరెళ్లబెడితే, "పద్దెనిమిదేళ్లప్పుడు ఇదే నా ఉద్యోగం. కాకపోతే అప్పుడు వీధిలో కాదు, విమానంలో పెట్టేవాణ్ణి" అన్నారు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఇక్కడికి దగ్గర్లోనే, రామ్నీ మార్ష్ గొర్రెల బీళ్ల చివర, లిడ్ అనే ఊళ్లో ఫెర్రీఫీల్డ్ ఎయిర్‌పోర్టులో ఆయన లోడర్‌గా, అంటే విమానాల్లోకి కార్లు ఎక్కించే పనివాడిగా చేశారు. యజమాని సిల్వర్ సిటీ ఎయిర్‌వేస్. మీకు ఈ పేరు తెలిసే ఉంటుంది. మా పాఠకుల కోసం కొంచెం చెప్తాను, ఓపిక పట్టండి.

పేరు వినగానే వెండి మెరుపేదో అనిపిస్తుంది గానీ, ఇది గని కార్మికుల ఊరి పేరు. ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ అనే గనుల పట్టణాన్ని అక్కడివాళ్లు సిల్వర్ సిటీ అంటారు. అక్కడ గనులున్న జింక్ కార్పొరేషన్ అండతో 1946 నవంబరులో లండన్‌లో ఈ కంపెనీ పుట్టింది. నడిపించిన మనిషి గ్రిఫిత్ పావెల్. అందరూ 'టాఫీ' అనేవారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంపీరియల్ ఎయిర్‌వేస్ పైలట్. యుద్ధం ముగిసేసరికి ఎటు చూసినా పని లేని విమానాలు, పని లేని పైలట్లు. చిన్న కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. కానీ 1946 పౌర విమానయాన చట్టం షెడ్యూలు సర్వీసులన్నీ, అంటే టైంటేబుల్ ప్రకారం తిరిగే విమానాలన్నీ, ప్రభుత్వ సంస్థలకే కట్టబెట్టింది. మిగతావాళ్లకు చార్టర్లు, అంటే విమానాన్ని అద్దెకు తిప్పడం, లేదంటే ప్రభుత్వ సంస్థ ఒప్పుకుని వదిలిన దారులు. పెళ్లివారంతా తిని లేచాక అడుగున మిగిలిన గిన్నె అన్నమాట. సిల్వర్ సిటీకి దొరికిన గిన్నె, బ్రిటన్‌కీ ఫ్రాన్సుకీ మధ్య ఉన్న సముద్రం, ఇంగ్లిష్ ఛానల్ మీదుగా కార్లు మొయ్యడం.

అప్పట్లో కారుతో ఫ్రాన్సు వెళ్లాలంటే అదో ప్రహసనం. డోవర్‌లో కారును క్రేన్‌కి కట్టి, గాల్లోకి లేపి, ఓడ మీద దించేవారు. మన కారు అలా వేలాడుతుంటే కింద నిలబడి చూడటం ఎంత టెన్షనో ఊహించుకోండి. కారు తిన్నగా ఎక్కి దిగే రేవు డోవర్‌లో 1953లో గానీ రాలేదు. పావెల్ 1948 జులై 14న తన సొంత ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ కారును బ్రిస్టల్ ఫ్రైటర్ విమానంలో ఎక్కించి, కెంట్‌లోని లింప్నీ నుంచి ఫ్రాన్సులోని ల తూకెకి ఎగరేశారు. గాల్లో ఉన్నది ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ. ఇప్పుడు మేము యాష్‌ఫర్డ్ నుంచి ఫోక్‌స్టన్ వెళ్లి, సముద్రం కింది సొరంగం రైల్లోకి కారు ఎక్కిస్తే అటు తేలడానికి ముప్పై అయిదు నిమిషాలు. డెబ్భై ఏళ్ల క్రితమే ఇంతకన్నా ముందు చేరేవాళ్లు!

ఆ ఫ్రైటర్ ఫోటోలు చూస్తే నవ్వొస్తుంది. బొద్దుగా, చక్రాలు లోపలికి ముడవకుండా వేలాడేసుకుని, పెళ్లికి గంగిరెద్దు బయల్దేరినట్టుంటుంది. పైలట్లు కూడా దాన్ని "గుంపుగా ఎగిరే నలభై వేల రివెట్లు" అని వెక్కిరించేవారు. కానీ పని తెలిసిన యంత్రం. పైలట్ గది నెత్తిన ఉంటుంది. దాని కింద ముక్కు రెండు తలుపుల్లా చెరో పక్కకీ తెరుచుకుంటుంది. ఏటవాలు బల్ల ఆనించి కారును తిన్నగా ఆ నోట్లోకి తోలడమే. మొదటి రకంలో రెండు కార్లు. 1953 నుంచి వచ్చిన పొడుగు ముక్కు సూపర్‌ఫ్రైటర్‌లో మూడు. మనుషులకు వెనకవైపు చిన్న క్యాబిన్.

అసలు పని ఎలా జరిగేదో పెద్దాయన నాకు మా వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బా, రెండు అగ్గిపెట్టెలు పెట్టి చూపించారు. కారు యజమాని తాళాలు ఇచ్చేసి కాగితాల పనికి లోపలికి వెళ్తాడు. లోడర్ కారెక్కి బల్ల మీదుగా లోపలికి తోలతాడు. లోపల అటూ ఇటూ ఎక్కువ చోటుండదు. తలుపు తెరిచి దిగడం కూడా పక్కవాటుగా, పొట్ట లోపలికి పీల్చి. ఆ తర్వాత చక్రాలకు దిమ్మలు, ఇరుసులకు బిగింపులు. బరువైన కారు ఎక్కడ ఉండాలన్నది చాలా ముఖ్యం. అక్కడ లెక్క తప్పితే గాల్లో విమానం ముక్కు వంచుతుందో తోక వంచుతుందో చెప్పలేం. సముద్రం మీది నుంచి వచ్చే గాలికి వేళ్లు కొంకర్లు పోతుంటే బిగింపులు బిగించడమే అన్నిటికన్నా కష్టమట. "బెంట్లీలు తోలాను, మోరిస్ మైనర్లు తోలాను, ఒక్కోటి రెండేసి నిమిషాలు. నా సొంత కారు కొనుక్కోడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది" అన్నారు. ఆయన భార్య పక్కనుంచి "పదకొండు" అని సరిదిద్దారు.

లింప్నీది గడ్డి రన్‌వే. వాన పడితే బురదే. అందుకని సిల్వర్ సిటీ నాలుగు లక్షల పౌండ్లు పెట్టి లిడ్‌లో సొంతంగా ఎయిర్‌పోర్టు కట్టుకుంది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో కొత్తగా కట్టిన మొదటి ఎయిర్‌పోర్టు అదే. 1954 జులైలో విమానాలు మొదలయ్యాయి, 1956 ఏప్రిల్‌లో ప్రిన్స్ ఫిలిప్ వచ్చి లాంఛనంగా ప్రారంభించారు. పెద్దాయన చేరేనాటికి కంపెనీ మంచి ఊపులో ఉంది. 1960లో ఛానల్ మీదుగా సుమారు 40,000 సార్లు ఎగిరి దాదాపు 90,000 వాహనాలను, 2,20,000 మంది ప్రయాణికులను దాటించారు. ఒక ప్రైవేటు కంపెనీ, ప్రభుత్వ సంస్థలు అక్కర్లేదని వదిలేసిన దారిలో.

మంత్రి గారూ, ఇక మావాళ్లు వినాల్సిన సంగతికి వస్తాను.

ఛానల్ మీద కారు ఎగరెయ్యక ముందే, 1947లో దేశ విభజన జరిగినప్పుడు, సిల్వర్ సిటీ విమానాలు మా ఉపఖండంలో ఉన్నాయి. రైళ్లు నెత్తురోడుతున్న రోజులవి. కాందిశీకులను గాల్లో దాటించడానికి బ్రిటన్ నుంచి తెప్పించిన విమానాల్లో వీళ్లవీ ఉన్నాయి. ఇటు నుంచి ముస్లింలను అటు, అటు నుంచి హిందువులను, సిక్కులను ఇటు తీసుకొచ్చారు. డకోటా అనే రవాణా విమానాలతో పాటు ఒక బ్రిస్టల్ విమానం కూడా అందులో పనిచేసింది. ఊరికే చేశారని నేననను, అది డబ్బు తీసుకుని చేసిన కిరాయి పని. అయినా ఆ విమానం దొరికినవాళ్లు బతికారు, అది చాలు.

నేను వరంగల్ వాణ్ణని మొదట్లో చెప్పింది ఇందుకే. బ్రిటన్ నుంచి వచ్చిన యుద్ధకాలపు విమానాలంటే మా ఇంట్లో తెలిసిన కథ వేరు. 1948లో నిజాం హైదరాబాద్ చుట్టూ భారత ప్రభుత్వం దిగ్బంధం పెడితే, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు లాంకాస్ట్రియన్ విమానాల్లో తుపాకులు తెచ్చి బీదర్, వరంగల్ లాంటి చోట్ల దించాడు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగే దాకా ఇది నడిచింది. తర్వాత ఇక్కడి కోర్టు అతనికి 200 పౌండ్ల జరిమానా వేసింది. మా తాత రాత్రి పూట విమానం చప్పుడు వినపడితే దీపం ఆర్పేసేవాళ్లమని చెప్పేవాడు. లాంకాస్ట్రియన్ అంటే లాంకాస్టర్ బాంబరును ప్రయాణికుల కోసం మార్చింది. సిల్వర్ సిటీ కూడా మొదట్లో వాడినది అవే. కాటన్‌కీ సిల్వర్ సిటీకీ ముడి పెట్టడం లేదు. ఒకే యుద్ధం వదిలేసి పోయిన విమానాలు, పది నెలల తేడాతో, ఒక చోట కాందిశీకులను మోశాయి, ఇంకో చోట తుపాకులను మోశాయి. మాకు రెండోదే గుర్తుంది. మొదటిది నేను యాష్‌ఫర్డ్ వచ్చాక, అదీ కారు పెట్టడం చేతకాక, తెలుసుకున్నాను.

కంపెనీని ఎత్తి కూర్చోబెట్టాలని నా ఉద్దేశం కాదు. 1958 ఫిబ్రవరి 27న ఐల్ ఆఫ్ మ్యాన్ నుంచి మాంచెస్టర్ వెళ్తున్న సిల్వర్ సిటీ ఫ్రైటర్ లాంకషైర్‌లోని వింటర్ హిల్‌కు గుద్దుకుంది. 42 మందిలో 35 మంది పోయారు. ఎక్కువమంది ఆ దీవిలో కార్ల వ్యాపారం చేసుకునేవాళ్లు, బ్యాటరీ ఫ్యాక్టరీ చూడ్డానికి బయల్దేరారు. కో పైలట్ దారి చూపే ఒక రేడియో బీకన్‌కు బదులు ఇంకో బీకన్ పట్టుకున్నాడు. కొండ మీద టీవీ ట్రాన్స్‌మిటర్ స్టేషన్ ఉంది, కొన్ని వందల గజాల దూరంలోనే. మంచు, పొగమంచు ఎంత దట్టంగా ఉన్నాయంటే, బతికినవారు వచ్చి చెప్పే దాకా లోపలున్నవాళ్లకు విమానం కూలిందనే తెలియదు. పెద్దాయన చేరింది ఆ తర్వాతే. ఆ మాట ఎత్తితే మాత్రం అగ్గిపెట్టెలు జేబులో వేసుకుని లేచిపోతారు.

ముగింపు మామూలే. ఓడలు బాగుపడ్డాయి, టికెట్ చవకైంది, ఫ్రైటర్లు ముసలివయ్యాయి. 1962లో కంపెనీ బ్రిటిష్ యునైటెడ్ అనే విమాన కంపెనీల గుంపులోకి పోయింది. ఆ మరుసటి జనవరి నుంచి కార్లు మోసే ఇంకో కంపెనీ ఛానల్ ఎయిర్ బ్రిడ్జ్‌తో కలిపి కొత్త పేరు తగిలించారు. సిల్వర్ సిటీ పేరు చెరిగిపోయింది. ఈ దేశంలో ఒక పూర్తి ఫ్రైటర్ చూడాలంటే ఇప్పుడు బ్రిస్టల్ దగ్గర ఫిల్టన్‌లోని మ్యూజియానికి వెళ్లాలి. అదైనా న్యూజిలాండ్ వైమానిక దళానిది. 2018లో ఓడెక్కించి తెచ్చారు. కార్లను ఓడ నుంచి తప్పించిన విమానం ఓడెక్కి ఇంటికి రావడం చూస్తే పావెల్ ఏమనేవారో!

మీ శాఖ కింద ఇంగ్లండ్‌లో నీలి ఫలకాల పథకం, అంటే పేరున్నవాళ్లు ఉన్న భవనాలకు వాళ్ల పేరుతో పలక తగిలించే పథకం, మొదలుపెట్టారు కదా. మంచి పని. కానీ అది ఒక మనిషి పేరు, ఆ మనిషికి సంబంధించిన ఒక భవనం, చనిపోయి ఇరవై ఏళ్లు అన్న లెక్క మీద నడుస్తుంది. పావెల్‌కు ఎప్పుడో ఒక ఫలకం రావచ్చు. గాలిలో చేతులు కొంకర్లు పోతూ బిగింపులు బిగించిన కుర్రాళ్లకు ఆ లెక్కలో చోటు లేదు. నేను ఇదే విషయమై ఒక వారసత్వ సంస్థకు రాశాను. మూడు నెలల తర్వాత, మీరు చెప్పే వస్తువు ఫోటో, కొలతలు పంపండి అని జవాబొచ్చింది. వస్తువు ఎనభై నాలుగేళ్లది, అయిదడుగుల ఏడంగుళాలు అని రాయబోయి ఊరుకున్నాను.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఫెర్రీఫీల్డ్‌లో, లింప్నీలో, ల తూకెలో పనిచేసినవాళ్లు, ఆ విమానాల్లో పిల్లలుగా ప్రయాణించినవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గరకు రికార్డర్‌తో ఒక మనిషిని పంపండి. కంపెనీ ఉద్యోగుల ఫోటోలు, డ్యూటీ కాగితాలు అటకల మీద ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఇళ్లు అమ్ముకునే లోపు కెంట్ ఆర్కైవ్స్‌కి చేర్పించండి. ఆ కథ చెప్పేటప్పుడు వింటర్ హిల్‌లో పోయినవాళ్లను వదలొద్దు. 1947లో మా దగ్గర మోసిన కాందిశీకులను కూడా రాయండి. ఆ విమానం ఎక్కినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు ఇదే దేశంలో పన్ను కడుతున్నారు. తాతను మోసిన విమానం పేరు చాలామందికి తెలిసే దారే లేదు.

మా పెద్దాయన పేరు, అడ్రసు ఇంగ్లీషు ఉత్తరంలోనూ పెట్టలేదు, అడిగితే ఆయన ఒప్పుకున్నాకే ఇస్తాను. మంగళవారం ఆసుపత్రి, శుక్రవారం బౌల్స్ ఆట. గురువారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటారు. వచ్చేవాళ్లు కారులో వస్తే తాళాలు ఆయన చేతికివ్వమనండి. మా వీధిలో చోటు దొరకదు.

ఇట్లు,
యాష్‌ఫర్డ్ నుంచి ఒక తెలుగువాడు